రాజమండ్రిలో ఆదివారం జావాస్క్రిప్ట్ క్లాసు: నొక్కినా పలకని బటన్ల కోసం వెళ్ళొచ్చాను

ముందే చెప్పేస్తాను, ఏసీ లేదు. ఉన్న ఫ్యాన్లలో ఒక్కటే సరిగ్గా తిరుగుతుంది, దాని కింద కుర్చీ కావాలంటే తొమ్మిదింటికల్లా వెళ్ళి కూర్చోవాలి. కోటిపల్లి బస్టాండ్ వైపు ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే చిన్న కోచింగ్ సెంటర్ ఇది. పేరు రాయడం లేదు, కింద తిట్టినవి కూడా ఉన్నాయి, ఆ మాస్టారి డబ్బుతో టీలు బోలెడు తాగాను మరి. ఎనిమిది ఆదివారాలు, రోజుకు మూడు గంటలు, ఫీజు 3,500. వెళ్ళొచ్చా అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒకటే. మొదటి నాలుగు ఆదివారాలకే ఆ డబ్బు మొత్తం ఇచ్చేయొచ్చు, తర్వాతి నాలుగింటికి మాత్రం వాళ్ళే మనకి ఎదురివ్వాలి.

నేను చదివింది బీకాం. బాబాయికి కడియపులంకలో నర్సరీ ఉంది. ఆ ఊళ్ళో ఎవరికి లేదులెండి. వాట్సాప్‌లో మొక్కల ఫొటోలు పంపించీ పంపించీ విసుగొచ్చి "అమ్మాయ్, ఒక పేజీ చేసి పెట్టవే, మొక్క చూసి నొక్కితే ఆర్డర్ పడిపోవాలి" అన్నాడు. నేను వీడియోలు చూసి చేసేశాను. 140 మొక్కలు, ఒక్కోదానికీ ఒక ఫొటో, ధర, దాని కింద 'బుట్టలో వేయి' అని ఆకుపచ్చ బటన్. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నొక్కితే మాత్రం మొట్టమొదటి మొక్క తప్ప ఇంకేదీ పలకదు.

ఎందుకంటే అన్ని బటన్లకీ ఒకే ఐడీ పెట్టాను. జావాస్క్రిప్ట్ అంటే పేజీలో బటన్లని పలికించే భాష, అందులో గెట్ ఎలిమెంట్ బై ఐడీ అనేది ఆ ఐడీతో మొదట కనబడిన ఒక్కదాన్నే తెచ్చిస్తుంది, మిగతా 139 ఉన్నట్టు కూడా దానికి పట్టదు. ఊరందరికీ ఒకటే ఆధార్ నంబరు ఇచ్చినట్టు అన్నమాట. సరేనని ఐడీ తీసేసి, ఎన్నిటికైనా పెట్టుకోగల గుంపు పేరు, దాన్నీ క్లాస్ అనే అంటారు, అది పెట్టి, క్వెరీ సెలెక్టర్ ఆల్ తో ఆ పేరున్న అన్నిటినీ పట్టుకుని, ఆ వచ్చిన జాబితాకే నేరుగా యాడ్ ఈవెంట్ లిజనర్ తో లిజనర్, అంటే నొక్కగానే విని పలికే కోడు, తగిలించాను. 'నాట్ ఎ ఫంక్షన్' అని ఎర్ర అక్షరాలతో తిట్టింది. జాబితాకి లిజనర్ ఉండదు, అందులో ఉన్న ఒక్కో బటన్‌కీ విడివిడిగా పెట్టాలి. ఒక్కోదాన్నీ వరసగా తీసుకునే ఫర్ ఈచ్ లూప్ తో తిప్పాక అన్నీ పలికాయి, ఆ పూట ఇంట్లో పులిహోర కూడా చేశారు.

కథ అక్కడితో అయిపోతే ఈ క్లాసుకి వెళ్ళేదాన్నే కాదు. 140 ఫొటోలు ఒకేసారి తెరుచుకోవడానికి బాగా టైం పడుతోందని, మొదట ఇరవై చూపించి, కింద 'ఇంకా చూపించు' నొక్కితే మరో ఇరవై వచ్చేలా మార్చాను. కొత్తగా వచ్చిన ఇరవైకీ ప్రాణం లేదు, నొక్కితే ఉలకవు పలకవు. నా లూప్ తిరిగినప్పుడు అవి పేజీలో లేవు కదా. నా తెలివికి తోచిన మందు ఏంటంటే, 'ఇంకా చూపించు' నొక్కిన ప్రతిసారీ ఆ లూపుని మళ్ళీ మొదట్నుంచి తిప్పడం. కొత్తవి పలికాయి. కానీ పాతవాటి మీద ఒకదాని పైన ఇంకొక లిజనర్ ఎక్కి కూర్చుంది. మూడుసార్లు 'ఇంకా చూపించు' నొక్కినవాళ్ళకి మొదటి ఇరవై మొక్కల మీద నాలుగేసి లిజనర్లు. తణుకు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "ఏమండీ, ఒక్క గంగాబొండం మొక్క అడిగితే నాలుగంటున్నారు, ఏకంగా తోట వేసెయ్యమంటారా?" బాబాయి ఆ ఫోన్ స్పీకర్లో పెట్టి నాకు వినిపించాడు. ఇంకేం మాట్లాడలేదు, ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పెట్టుకున్నాడు.

ఇలాంటి పరిస్థితిలో క్లాసులో చేరాను. ఇక క్లాసు సంగతి.

మొదటి ఆదివారం మాస్టారు ఒక్క లైను కూడా కొత్త కోడ్ రాయించలేదు. ఒక పేజీలో పెద్ద పెట్టె, అందులో ఇంకో పెట్టె, దాని లోపల ఒక బటన్, బటన్ మీద చిన్న బండి బొమ్మ. మూడింటికీ మూడు రంగులు. ఎక్కడ నొక్కితే ఎవరు ఎప్పుడు పలుకుతున్నారో బ్రౌజర్ సందేశాలు చూపించే కన్సోల్‌లో చూసి నోటుబుక్కులో రాయమన్నారు, అదీ నొక్కకముందే ఊహించి రాసి, తర్వాత నొక్కి సరిచూసుకోవాలి. గంటన్నర సేపు అదే పని. పక్కనున్న ఇంజనీరింగ్ కుర్రాడు "ఇది ఎల్‌కేజీ క్లాసా" అని గొణిగాడు, వాడి లెక్కలే అందరికంటే ఎక్కువ తప్పాయి, నావి రెండో స్థానం.

తప్పింది ఎక్కడంటే బండి బొమ్మ దగ్గర. బొమ్మ మీద నొక్కినప్పుడు మనం బటన్ నొక్కాం అనుకుంటాం. బ్రౌజర్ దృష్టిలో టార్గెట్ బటన్ కాదు, ఆ బొమ్మలోని గీత. అక్షరాల మీద నొక్కితే బటన్, బొమ్మ మీద నొక్కితే బొమ్మ. ఈవెంట్‌లో, అంటే ఇలా నొక్కడం లాంటి ప్రతి సంఘటనలో, టార్గెట్ అని ఒకటి, కరెంట్ టార్గెట్ అని ఒకటి ఉంటాయి. వేలు నిజంగా ఎవరి మీద పడిందో మొదటిది చెబుతుంది, ప్రస్తుతం ఎవరి లిజనర్ నడుస్తోందో రెండోది చెబుతుంది. నా పేజీలో ఒక్కోసారి పని చేసి ఒక్కోసారి మొరాయించే బటన్ల గుట్టు నాకు అప్పుడు విడింది. జనం ఎక్కువగా బొమ్మ మీదే నొక్కుతారు, నా కోడ్ ఏమో నొక్కిన దానికి ఫలానా క్లాస్ ఉందా అని టార్గెట్‌నే అడుగుతోంది. బొమ్మకి ఆ క్లాస్ ఎక్కడిది?

రెండో వారం కాలువ. మన దగ్గర ఏ మాస్టారైనా ఏ విషయం చెప్పినా చివరికి ధవళేశ్వరం చేరాల్సిందే, కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టి పెట్టిపోయినందుకు పోలికలకి మనకి కరువు లేదు. బోర్డు మీద బ్యారేజీ, ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె, చివర చేను గీశారు. క్లిక్ పడగానే ఈవెంట్ పైనుంచి బయల్దేరుతుంది: విండో, డాక్యుమెంట్, హెచ్‌టీఎంఎల్, బాడీ, అలా దిగుతూ దిగుతూ నొక్కిన ఎలిమెంట్ (పేజీలోని ముక్క) దాకా. దీన్ని క్యాప్చర్ దశ అంటారు. చేరాక మళ్ళీ అదే దారిలో పైకి ఎక్కుతుంది, అది బబుల్ దశ. మనం మామూలుగా పెట్టే లిజనర్లు పైకి ఎక్కేటప్పుడు పలుకుతాయి, దిగేటప్పుడే పట్టుకోవాలంటే క్యాప్చర్ అని విడిగా చెప్పాలి.

అంతలో ఆలమూరు నుంచి వచ్చే రైతుబిడ్డ ఒకడు చెయ్యెత్తి "నీళ్ళు వెనక్కి రావండి మాస్టారూ, చేలోంచి మురుగు కాలవలోకి పోతాయండి" అన్నాడు. గదంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "ఆయ్, నిజమే" అని బోర్డు మీద బాణం చెరిపేసి, పైకి వెళ్ళేది నీళ్ళు కాదు, నీళ్ళు అందలేదని రైతు వేసే కేక అనుకోమన్నారు. చేలో కేక వేస్తే కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు వింటాడు, లస్కరు లాకుల దగ్గర చెబుతాడు, అక్కడినుంచి ఆఫీసుకి. మధ్యలో లస్కరు ఆ మాట తన దగ్గరే తొక్కి పెట్టేస్తే పైవాళ్ళకి ఏమీ తెలియదు, అదే స్టాప్ ప్రాపగేషన్. ఈ పోలిక నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. అయితే దానివల్ల ఒక నష్టం కూడా జరిగింది. ప్రివెంట్ డిఫాల్ట్‌ని కూడా మాస్టారు ఆ ఊపులో అదే కాలువలోకి దింపారు, లాకు మూసెయ్యడం లాంటిదని. దాంతో సగం క్లాసు రెండు వారాలపాటు ఆ రెండూ ఒకటే అనుకుంది. ఒకటి కేకని పైకి పోనివ్వదు, అంతే. రెండోది బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపుతుంది, అంటే లింకు నొక్కితే వేరే పేజీకి వెళ్ళిపోవడం, ఫారం పంపెయ్యడం లాంటివి. కేక పైకి పోతూనే ఉంటుంది. ఈ తేడా నాకు తెలిసింది క్లాసులో కాదు, ఇంటి దగ్గర. ఆర్డర్ ఫారంలో 'లెక్క చూపించు' అని ఒక బటన్ పెట్టాను, నొక్కితే పేజీ మళ్ళీ మొదట్నుంచి తెరుచుకుని బుట్ట ఖాళీ. ఫారం లోపలి బటన్‌కి టైప్ ఏదో మనం చెప్పకపోతే అది సబ్మిట్ అయి కూర్చుంటుంది. స్టాప్ ప్రాపగేషన్ ఎన్నిసార్లు రాసినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. టైప్ ఈక్వల్స్ బటన్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయింది.

ఈ దిగడం ఎక్కడం ఎందుకు రెండూ పెట్టారో కూడా చెప్పారు, అది నాకు నచ్చింది. పాత రోజుల్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్ళు ఈవెంట్ పైనుంచి కిందికే రావాలన్నారు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాళ్ళు కిందినుంచి పైకే పోవాలన్నారు. చివరికి 2000లో వచ్చిన డామ్ లెవెల్ 2 ప్రమాణంలో, అంటే బ్రౌజర్లన్నిటికీ కలిపి రాసిన నియమాల్లో, రెండు దశలూ పెట్టేశారు. పెళ్ళికూతురు వాళ్ళకీ పెళ్ళికొడుకు వాళ్ళకీ మధ్య పెద్దమనుషులు చేసే పని కదా ఇది.

మూడో ఆదివారం కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను అనుకోండి. ఆ రోజు ఒక్కొక్కరి సొంత పేజీ తెరపై వేసి, అందరి ముందూ విప్పారు. నా వంతు వచ్చేసరికి చెమటలు. మాస్టారు కోడంతా చూసి "మీ బాబాయి గారి నర్సరీలో ఒక్కో మొక్కకీ ఒక్కో కాపలా మనిషిని పెట్టారా అమ్మా?" అని అడిగారు. లేదండీ, గేటు దగ్గర ఒక్కడే ఉంటాడు అన్నాను. "మరి ఇక్కడ 140 మందికి జీతాలెందుకు?"

అదే ఈవెంట్ డెలిగేషన్. మొక్కలన్నీ ఉన్న పెద్ద పెట్టెకి ఒకే ఒక్క లిజనర్. ఏ బటన్ నొక్కినా కేక ఎలాగూ పైకి వస్తుంది కాబట్టి గేటు దగ్గరే పట్టుకుని, ఈ కేక ఎవరిదో టార్గెట్‌ని చూసి తెలుసుకోవడం. బొమ్మ మీద నొక్కినా గీత మీద నొక్కినా ఇబ్బంది లేకుండా క్లోజెస్ట్ అనే పద్ధతి వాడితే, అది నొక్కిన చోటునుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో మెట్టూ ఎక్కుతూ మనం అడిగిన బటన్ దొరికేదాకా వెతుకుతుంది. రెండు మొక్కల మధ్య ఖాళీలో నొక్కితే ఏ బటనూ దొరకదు, నల్, అంటే ఏమీ లేదని, వస్తుంది, అప్పుడు ఏమీ చెయ్యకుండా వెనక్కి వచ్చేయాలి. ఈ ఒక్క పరీక్ష మర్చిపోయి క్లాసులో ముగ్గురం ఎర్రర్లు తెచ్చుకున్నాం. ఏ మొక్కో తెలియడానికి బటన్ మీదే డేటా ఐడీ అని రాసి పెట్టుకుంటే, డేటాసెట్‌లోంచి చదువుకోవచ్చు. 'ఇంకా చూపించు' ఎన్నిసార్లు నొక్కినా, రేపు బాబాయి ఇంకో రెండొందల మొక్కలు చేర్చినా గేటు మనిషి మారడు, కొత్త మొక్కకి విడిగా ఏమీ పెట్టక్కర్లేదు. నా ముప్పై లైన్లు కొట్టేసి ఎనిమిది లైన్లు మిగిల్చారు.

ఇంటికొచ్చి పేజీలో పెట్టాక ఇంకో చిక్కు. ఫొటో పెద్దగా చూపించే పెట్టెలో ఉన్న 'బుట్టలో వేయి' మాత్రం పలకదు. అర్ధరాత్రి దాకా వెతికితే, అదివరకెప్పుడో ఆ పెట్టె మూసుకుపోకుండా ఉండడానికి నేనే దాంట్లో స్టాప్ ప్రాపగేషన్ పెట్టుకున్నాను. లస్కరుని నేనే పెట్టి, కేక రాలేదని నేనే ఏడుస్తున్నాను. మాస్టారికి మెసేజ్ పెడితే పొద్దున్న ఆరింటికి జవాబు వచ్చింది, అది ఆపొద్దు, బయట నొక్కారా లోపల నొక్కారా అని టార్గెట్‌ని అడిగి మూయమన్నారు. ఫీజులో ఈ మెసేజీలు లేవు, అయినా ఆయన ఏ ఆదివారం తర్వాతా విసుక్కోలేదు. అయిదు నక్షత్రాలు దీనికి.

నాలుగో వారం చిన్న చిన్న పొరపాట్లన్నీ. స్క్రిప్టు, అంటే మన కోడు, పేజీకి పైభాగమైన హెడ్‌లో పెట్టి బటన్ కోసం వెతికితే అప్పటికి బటన్ పుట్టనే లేదు, నల్ వస్తుంది, డిఫర్ అని రాస్తే పేజీ అంతా చదివాక స్క్రిప్టు నడుస్తుంది. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి ఇచ్చామా, నొక్కకముందే, పేజీ తెరవగానే అది నడిచిపోతుంది. పేరు లేని ఫంక్షన్‌ని లిజనర్‌గా పెడితే తర్వాత తీసెయ్యలేం, రిమూవ్ ఈవెంట్ లిజనర్‌కి అదే ఫంక్షన్ కావాలి, అచ్చం అలాంటిది రాసిస్తే ఒప్పుకోదు. డివ్ అనే ఉత్త పెట్టెని బటన్‌లా రంగులు పూసి వాడేవాళ్ళంటే మాస్టారికి ఒళ్ళుమంట. బటన్ ట్యాగు వాడితే ట్యాబ్‌తో దాని దగ్గరికి వెళ్ళొచ్చు, ఎంటర్, స్పేస్ నొక్కినా క్లిక్ పడుతుంది, డివ్‌కి అవేవీ వాటంతట అవి రావు. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఎవరూ లేచి వెళ్ళలేదు. దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇప్పుడు తిట్లు.

అయిదో ఆదివారం మొత్తం జేక్వెరీ, అంటే జావాస్క్రిప్ట్ రాయడం తేలిక చేసే పాత కోడు మూట. పాత సైట్లలో ఇంకా కనబడుతుంది కాబట్టి ఒక గంట చెబితే తప్పు లేదు. కానీ 180 రూపాయలు తీసుకుని అంటగట్టిన అచ్చు నోట్సులో కొత్తగా వచ్చే ఎలిమెంట్ల కోసం లైవ్ అనే పద్ధతి వాడమని ఉంది. దాన్ని 2013లో వచ్చిన 1.9 వెర్షన్‌లోనే తీసేశారు. నోట్సు చూసి రాస్తే పని చెయ్యదు, పని చెయ్యకపోతే తప్పు మనదే అనుకుంటాం. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం లిజనర్ పెట్టే పాత పద్ధతి అటాచ్ ఈవెంట్ గురించి రెండు పేజీలు. ఆ బ్రౌజర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సెలవు చెప్పేసింది, వీళ్ళు మాత్రం ఏటా తద్దినం పెడుతున్నారు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు మాస్టారు రాలేదు, వేరే కుర్రాడిని పంపారు. తెలివైనవాడే, కానీ మూడు వారాల్లో ఒక ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టడానికి ముందే అల్లి పెట్టిన కోడు) మొత్తం చెప్పెయ్యాలని ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపాడు, ఏ ఊరూ ఆగలేదు. మొదటి నాలుగు వారాల పద్ధతి, అంటే ముందు ఊహించు, తర్వాత నొక్కి చూడు అనేది, అక్కడ పూర్తిగా పోయింది.

ఇంకో పెద్ద లోటు ఫోన్. మా నర్సరీ పేజీ చూసేవాళ్ళలో దాదాపు అందరూ ఫోన్‌లోనే చూస్తారు, క్లాసులో ఎనిమిది వారాలూ మౌసుతోనే నొక్కించారు. ఫోన్ బ్రౌజర్లు ఒకప్పుడు రెండోసారి తడతామేమోనని దాదాపు 300 మిల్లీసెకన్లు ఆగి చూసేవని, పేజీ వెడల్పు ఫోన్ వెడల్పుకి సరిపెట్టే వ్యూపోర్ట్ ట్యాగు పెడితే ఆ ఆలస్యం పోతుందని నేను ఎమ్‌డీఎన్ అనే వెబ్ పాఠాల సైట్‌లో, ఇంకా అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నాను. వేలు పట్టేంత బటన్ కూడా ఉండాలని బాబాయి చెప్పాడు. ఆయన బొటనవేలు మట్టి పని చేసిన వేలు, నేను పెట్టిన బటన్ చూసి "ఇది చీమలు నొక్కడానికా?" అన్నాడు. ఆ సలహా మాత్రం ఉచితం.

మెట్ల దగ్గర 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అని బోర్డు ఉంటుంది. దాని సంగతి అడిగితే కౌంటర్లో అమ్మాయి నవ్వి ఊరుకుంది. సర్టిఫికెట్‌కి ఇంకో 500 అని చివరి రోజు చెప్పారు, చేరేటప్పుడు ఆ మాటే లేదు. నేను కట్టలేదు, నాకు సర్టిఫికెట్‌తో పని లేదు, కానీ ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు కిక్కురుమనకుండా కట్టారు, అది చూస్తే ఒళ్ళు మండింది.

ఎవరు వెళ్ళొచ్చు అంటే, చేతిలో సొంత పేజీ ఒకటి ఉండి, అది ఎందుకు మొరాయిస్తోందో తెలియక తల పట్టుకున్నవాళ్ళు. షాపు పేజీ, పూతరేకుల ఆర్డర్ ఫారం, టెంట్ హౌస్ బుకింగ్, ఏదైనా సరే. ఖాళీ చేతుల్తో వెళితే మూడో ఆదివారం మీకు సినిమా చూసినట్టే ఉంటుంది. ఉద్యోగం కోసమే అయితే వద్దు. నాలుగు వారాలకే సగం ఫీజు కడతానని అడిగి చూడండి, మా బ్యాచ్‌లో మండపేట నుంచి వచ్చే అన్నయ్యకి అలా ఒప్పుకున్నారు, నాకు అడగాలని తోచలేదు.

తణుకు ఆయన మొన్న మళ్ళీ ఆర్డర్ పెట్టారు. ఒక్కటే నొక్కారు, ఒక్కటే పడింది, అయినా ఫోన్ చేసి "ఈసారి నాలుగు ఇవ్వరా ఏంటండీ" అని అడిగారు.

వెళ్ళేవాళ్ళు లాప్‌టాప్‌తో పాటు ఛార్జర్, పొడుగు వైరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్ళండి, ప్లగ్గులన్నీ ఎడమ గోడకే ఉన్నాయి, తిరిగే ఫ్యాను ఏమో కుడి పక్కన. వేమగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎనిమిదింటికల్లా బయల్దేరితే రెండూ దొరుకుతాయి.